పిట్ వజ్రమా, ఓల్డ్ సారమ్ సీటా: ఏది మేలు?

1698 నుంచి 1709 దాకా మద్రాసు గవర్నరుగా చేసిన థామస్ పిట్‌కు ఇంగ్లండులో ‘డైమండ్ పిట్’ అనే పేరే స్థిరపడింది. అయితే ఆయన డబ్బు పెట్టింది వజ్రం మీద ఒక్కటే కాదు. వజ్రం కొనడానికి పదేళ్ల ముందే, 1691లో, ఇంగ్లండులోని ఓల్డ్ సారమ్ భూమి కొన్నాడు. పార్లమెంటు సీటు ఆ భూమితోపాటే వచ్చేది.

ముందు వజ్రం లెక్క చూద్దాం. కృష్ణా తీరపు గనుల్లో దొరికిన ఈ 410 కారట్ల ముడి రాయికి జమ్‌చంద్ అనే వ్యాపారి మొదట చెప్పిన ధర 2 లక్షల వరహాలు. పిట్ 30 వేల దగ్గర మొదలుపెట్టాడు. బేరం సాగి సాగి 48 వేలకు, అంటే 20,400 పౌండ్లకు తెగింది. 1702లో కొడుకు రాబర్ట్ చేతికిచ్చి ఓడలో లండన్ పంపాడు. సాన పట్టడానికే రెండేళ్లు, సుమారు 5 వేల పౌండ్లు. చివరికి మిగిలింది 140 చిల్లర కారట్లు. అసలు చిక్కు ఆ తర్వాతే వచ్చింది: అంత పెద్ద రాయి కొనగలిగేది రాజులే. 1717లో ఫ్రాన్స్ రీజెంట్ (బాలరాజు తరఫున పాలించేవాడు) 1,35,000 పౌండ్లకు కొనేదాకా అది అమ్ముడుపోలేదు. పైగా అన్యాయంగా సంపాదించాడన్న పుకారు పుట్టింది. 1710లో నార్వేలోని బెర్గెన్‌లో కూర్చుని బేరం జరిగిన తీరంతా రాసి సంతకం చేయాల్సొచ్చింది. మొత్తం మీద ఏడాదికి సుమారు 11–12 శాతం చక్రవడ్డీ పడింది. ఆ డబ్బుతోనే కార్న్‌వాల్‌లో బొకానక్ ఎస్టేటు కొన్నాడు.

ఓల్డ్ సారమ్ అంటే మనుషులు ఖాళీ చేసిపోయిన ఒక గుట్ట. ఓటు హక్కు అక్కడి కొన్ని ప్లాట్లకు ఉండేది. ఎన్నికల ముందు వాటిని నమ్మకస్తుల పేర రాసిస్తే చాలు, ఇద్దరు ఎంపీలు గెలిచినట్టే. ప్రచారం లేదు, విందులు లేవు. కాగితాలు భద్రంగా ఉంచుకోవడమే పని. పిట్, కొడుకు రాబర్ట్ అక్కడి నుంచే సభకు వెళ్లారు. 1735లో మనవడు విలియం కూడా అక్కడే గెలిచి, తర్వాత ప్రధాని అయ్యాడు.

నా ఓటు సీటుకే. వజ్రం ఒక్కసారే అమ్ముడవుతుంది, సీటు ప్రతి ఎన్నికలోనూ ఫలమిస్తుంది. ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యాన్ని కాదని దొంగచాటు వ్యాపారం చేసినందుకు ఒకప్పుడు జరిమానా కట్టిన మనిషిని, అదే కంపెనీ గవర్నరుగా పంపింది. అప్పటికే ఆయన ఎంపీగా కూర్చున్నవాడు. గవర్నరు పదవి లేకుంటే జమ్‌చంద్ ఆయన గడప తొక్కేవాడే కాదు.

1832 సంస్కరణ చట్టం ఓల్డ్ సారమ్ సీటును రద్దు చేసింది. పిట్ వంశం దాన్ని 1802లోనే అమ్మేసింది.