వాలెట్టా రెక్కీ: వ్యాన్ బిల్లు, పడవ మేలు

మాల్టా రాజధాని వాలెట్టాలో షూటింగ్ పెట్టుకునేవాళ్లకి ముందే చెప్తున్నా, లొకేషన్లు చూడటానికి వ్యాన్ మాట్లాడుకోకండి. ఊరు మొత్తం పొడవు సుమారు కిలోమీటరు, వెడల్పు అంతకన్నా తక్కువ. రిపబ్లిక్ స్ట్రీట్‌లో అంతా నడిచేవాళ్లే. సగం సందులు మెట్లే. ఇదంతా మా లోకల్ కోఆర్డినేటర్‌కి తెలియకుండా ఉంటుందా? అయినా వ్యాన్, డ్రైవర్, "లొకేషన్ అసిస్టెన్స్" కలిపి రోజుకి 380 యూరోలు చెప్పాడు. మా మేనేజర్ ఎంత బేరమాడినా పది తగ్గలేదు.

వ్యాన్ చేసిందల్లా పొద్దున పక్క ఊరు స్లీమాలో ఎక్కించుకుని సిటీ గేటు బయట దించడం, సాయంత్రం మళ్లీ అక్కడే ఎక్కించుకోవడం. మధ్యలో డ్రైవర్ సీటు వాల్చుకుని హాయిగా నిద్రపోయేవాడు, మేము మండుటెండలో మెట్లెక్కి దిగేవాళ్లం. అదే స్లీమా నుంచి అదే గేటు దాకా బస్సు టికెట్ రెండున్నర యూరోలు. పోనీ అసిస్టెన్స్ అయినా ఉందా అంటే, అప్పర్ బరక్కా తోటలో కెమెరామన్ స్టాండు తెరిచిన రెండు నిమిషాలకే గార్డు వచ్చి కాగితం అడిగాడు. "పర్మిషన్లన్నీ మేం చూసుకుంటాం" అన్న పెద్దమనిషి ఫోన్ ఎత్తలేదు. గార్డు మాత్రం మర్యాదస్తుడు. ఫోన్‌తో ఎంతసేపైనా తీసుకోండి, స్టాండు మాత్రం వద్దన్నాడు.

వాలెట్టానే ఎందుకంటే, మా కథలో ఫ్లాష్‌బ్యాక్ 1878లో ఇక్కడ నడుస్తుంది. రష్యాని బెదిరించడానికి ఆ ఏడాది బ్రిటిష్ వాళ్లు దాదాపు 7 వేల మంది భారత సైనికుల్ని మాల్టాకి ఓడల్లో దించారు. అందులో మద్రాస్ పటాలం వాళ్లూ ఉన్నారు. మా హీరో ముత్తాత వాళ్లలో ఒకడు. కోట గోడలు, తేనె రంగు సున్నపురాయి ఇళ్లు, వాటికి వేలాడే రంగు చెక్క బాల్కనీలు, అన్నీ సెట్ వెయ్యక్కర్లేకుండా ఉన్నాయి. 1566లో పునాది వేసిన ఊరు కాబట్టి ఏ మూల కెమెరా పెట్టినా పీరియడ్ లుక్ వచ్చేస్తుంది. కింద షాపు బోర్డులు కప్పుకోవాలి, అంతే.

చిక్కు వెలుతురుతోనే. పది దాటితే ఆ రాయి మీద ఎండ తిరగబడి కళ్లలోకి కొడుతుంది, మొహాలన్నీ తెల్లబారిపోతాయి. మా కెమెరామన్ పదకొండుకల్లా మూతి ముడుచుకుని "ఇక్కడ మిట్టమధ్యాహ్నం షూటింగా? ఎండని మెత్తబరిచే డిఫ్యూజన్ గుడ్డలకే ఇంకో లారీ కావాలి" అంటూ కూర్చున్నాడు. సరిగ్గా పన్నెండుకి తోట కిందున్న సెల్యూటింగ్ బ్యాటరీలో ఫిరంగి పేలింది. మనిషి అదిరిపోయి చేతిలో లైట్ మీటరు కింద పడేశాడు. ఆ ఫిరంగి పన్నెండుకీ, నాలుగుకీ పేలుతుందట. లైవ్ సౌండ్ అనుకునేవాళ్లు ఆ రెండు టైములూ కాల్‌షీట్‌లో రాసుకోండి, చర్చి గంటలు అదనం.

మర్నాడు వ్యాన్ రావద్దని చెప్పేసి, తోట పక్కనున్న లిఫ్ట్‌లో రేవుకి దిగాం. అక్కడ దైసా అనే రంగుల పడవలు ఉంటాయి, రెండు కొనలూ పైకి లేచి ఉంటాయి. అవతలి బిర్గు ఊరికి మనిషికి రెండు యూరోలు. గంటన్నర తిప్పమని అడిగితే ఆ పెద్దాయన మొత్తం మీద 40 అన్నాడు. ఎగిరి గంతేశాం.

ఆయన సెయింట్ ఏంజెలో కోట కిందికి తీసుకెళ్లి ఇంజిన్ ఆపాడు. సాయంత్రం నాలుగున్నర అయితే సూర్యుడు వాలెట్టా వెనక్కి వాలి ఈ గోడల మీద పడతాడని, అప్పటిదాకా కెమెరా బయటికి తియ్యొద్దని చెప్పాడు. ఎదురుగా పది అంతస్తుల క్రూజ్ షిప్ ఒకటి మా 1878 ఫ్రేమ్ మొత్తాన్ని ఆక్రమించి ఉంది. అది ఐదున్నరకి కదులుతుంది, వెనకాల లేచే అల తగ్గడానికి ఇంకో పావుగంట పడుతుంది, ఆ తర్వాత రేవంతా మీ సొంతమే అన్నాడు. సరిగ్గా అలాగే జరిగింది. 380 యూరోల అసిస్టెన్స్‌కి ఈ మాట ఒక్కటీ తెలియదు! పొద్దుట్నుంచి అలిగి ఉన్న కెమెరామన్ అరగంటలో రెండొందల ఫొటోలు తీశాడు. దిగేటప్పుడు 50 ఇస్తే పెద్దాయన పదికి చిల్లర వెతకబోయాడు, వద్దన్నాం.

తిండికి భయపడక్కర్లేదు. డైరెక్టర్ గారు శనివారాలు మాంసం ముట్టరు, ఆ రోజు ఆయన చిరాకు మామూలుగా లేదు. పస్తీత్సీ అని మన కర్రీ పఫ్ లాంటిది దొరికాక శాంతించారు. బఠాణీదీ, జున్నుదీ ఉంటాయి, ఒక్కోటి 60 సెంట్లు. కొన్ని దుకాణాల్లో పిండిలో పంది కొవ్వు కలుపుతారు, అడిగి తినండి. ఆయన నాలుగు లాగించి టీ అడిగారు.

యూనిట్‌కి కలిసొచ్చేవి చాలానే ఉన్నాయి. ఇంగ్లీషు అధికార భాష, బళ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. దగ్గర్లోని కల్కారాలో సముద్రం సీన్ల కోసం కట్టిన పెద్ద నీళ్ల ట్యాంకులున్నాయి. ప్రభుత్వం అర్హమైన ఖర్చు మీద 40 శాతం దాకా వెనక్కిస్తుంది. అయితే షూటింగ్‌కి ముందే అప్లై చెయ్యాలి, డబ్బు ఆడిట్ అయ్యాకే వస్తుంది. మా ప్రొడ్యూసర్ దాన్ని డిస్కౌంట్ అనుకుని బడ్జెట్ అప్పుడే తగ్గించేశారు. ఆయనకి చెప్పే పని మేనేజర్ మీద పడింది.

కోఆర్డినేటర్ చివరి బిల్లులో మేం వద్దన్న రోజుల వ్యాన్ కూడా వేశాడు. మేనేజర్ కొట్టేసి పంపాడు, అతను మళ్లీ కలిపి పంపాడు. షూటింగ్‌కి మాత్రం ఇంకొకరిని చూసుకుంటున్నాం, పడవకి ఆ పెద్దాయన్నే.