అమ్మానాన్నలతో కొలంబస్ చుట్టుపక్కల తిరిగాం: ఏది హాయి, ఏది ఇబ్బంది

మా అమ్మానాన్న మే నెలలో ఒంగోలు నుంచి అమెరికాలో, ఓహియో రాష్ట్రంలోని కొలంబస్ వచ్చి అక్టోబరు దాకా మాతోనే ఉన్నారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నాన్నేమో రెండు రోజులు ఇంట్లో కూర్చుంటే మనిషే మారిపోతాడు. అందుకని కుదిరిన ప్రతి శనివారం కారు తీశాం. ఇలా పెద్దవాళ్ళని పిలిపించుకున్నవాళ్ళు ఓహియోలో చాలామంది ఉంటారు కాబట్టి, మాకు పనికొచ్చినవి, రానివి రాస్తున్నాను.

నేనైతే మొదట హాకింగ్ హిల్స్ పార్కు అంటాను. 33వ నంబరు రోడ్డు పట్టుకుంటే గంట, గంటంపావు. ఎంట్రీ టికెట్టు లేదు, పార్కింగ్ కూడా ఫ్రీ. అందరూ ముందు ఓల్డ్ మ్యాన్స్ కేవ్‌కి వెళ్తారు, అది చాలా అందమైన చోటే, కానీ మెట్లెక్కువ, పైగా దారి వన్‌వే, సగం దూరం వెళ్ళాక మోకాలు పట్టేస్తే వచ్చిన దారిన వెనక్కి రావడానికి లేదు. అందుకే అమ్మని యాష్ కేవ్‌కి తీసుకెళ్ళాను. పార్కింగ్ నుంచి పావు మైలు, అంతా చదునైన దారి, వీల్‌చైర్ కూడా వెళ్తుంది. చివర్లో చెట్లు పక్కకి తప్పుకుని 700 అడుగుల పొడవున, 90 అడుగుల ఎత్తున రాతి చూరు కనిపిస్తుంది, కింద అంతా ఇసుక, పైనుంచి సన్నగా జలపాతం. అమ్మ ఇసుకలో మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి ఆ నీళ్ళు దోసిట్లో పట్టుకుని నెత్తిన చల్లుకుంది. "కొండ గొడుగు పట్టినట్టుంది కదరా" అంది. ఆగస్టులో వెళ్తే ధార చిక్కిపోతుంది, మే, జూన్ నెలలే మేలు.

అక్కడ రెండు రాత్రులకి క్యాబిన్ తీసుకున్నాం. రాత్రికి 260 డాలర్లు, క్లీనింగ్ ఫీజు విడిగా. ఫొటోల్లో హాట్ టబ్ నాలుగు వైపుల నుంచి చూపించారు గానీ పడగ్గదులు రెండూ మేడ మీద ఉన్నాయనీ, ఎక్కడానికి గుండ్రంగా తిరిగే ఇనప మెట్లు తప్ప వేరే దారి లేదనీ ఎక్కడా చెప్పలేదు. అమ్మ రెండు రాత్రులూ హాల్లో సోఫా మీదే పడుకుంది. నాకు చాలా బాధేసింది. బుక్ చేసేముందు ఓనర్‌కి మెసేజ్ పెట్టి, కింద మంచం, కింద బాత్‌రూమ్ ఉన్నాయా అని రాతపూర్వకంగా అడగండి. వంటగది మాత్రం బాగుంది. ఇంటి నుంచి కుక్కరు, కందిపప్పు, ఆవకాయ పట్టుకెళ్ళాం కాబట్టి తిండికి లోటు రాలేదు. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

నాన్నకి బాగా నచ్చింది డేటన్‌లోని ఎయిర్ ఫోర్స్ మ్యూజియం. ఇదీ ఫ్రీయే, అంతా ఏసీ, కూర్చోడానికి బెంచీలు, అడిగితే వీల్‌చైర్ కూడా ఇస్తారు, అందుకే వాన పడే రోజుకి దీన్ని అట్టిపెట్టుకోండి. ఆర్టీసీ డిపోలో ముప్ఫయ్యేళ్ళు మెకానిక్‌గా చేసిన మనిషి, ఒక్కో ఇంజను దగ్గర వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, పైపులు ఎటు నుంచి ఎటు పోతున్నాయో చూస్తూ నిలబడిపోయాడు. నాలుగో హ్యాంగర్‌లో కెనడీ వాడిన విమానం ఉంది, లోపలికి ఎక్కి చూడొచ్చు. డాలస్ నుంచి ఆయన శవపేటికని తెచ్చింది అందులోనే, అది పట్టడానికి వెనకవైపు సీట్లు తీసేశారట. ఆ చోటికి వచ్చేసరికి నాన్న ఏమీ మాట్లాడలేదు. రెండు గంటలు చాలనుకున్నాం, ఐదింటికి మూసేసేదాకా ఉన్నాం.

సీడార్ పాయింట్‌కి పెద్దవాళ్ళని తీసుకెళ్ళకండి, రోలర్ కోస్టర్లు ఎక్కనివాళ్ళకి అక్కడ ఎండలో నిలబడటమే మిగులుతుంది. హోమ్స్ కౌంటీలో ఆమిష్ వాళ్ళ (కార్లు కొనుక్కోకుండా పాతకాలం పద్ధతిలో బతికే క్రైస్తవులు) ఊళ్ళు, గుర్రబ్బళ్ళు, చీజ్ కొట్లు ఒక పూటకి బాగుంటాయి, కానీ ఆదివారం చాలా కొట్లు మూసే ఉంటాయి. ఆమిష్ వాళ్ళకి తమ మొహాలు ఫొటోలు తీయడం ఇష్టముండదు.

పిట్స్‌బర్గ్ మూడు గంటలు. పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి 1970ల్లో కట్టింది. వెళ్ళేటప్పుడు ఫోర్ట్ పిట్ సొరంగంలోంచి బయటికి రాగానే ఊరంతా, వంతెనలు, నదులు ఒక్కసారిగా కళ్ళముందు పడతాయి. రెండు నదులు కలిసి ఓహియో నది మొదలయ్యేది అక్కడే. "మనుండే రాష్ట్రం పేరు ఈ నీళ్ళదేనా" అని అమ్మ కారులోంచే దణ్ణం పెట్టింది. దర్శనం అయ్యాక కింద క్యాంటీన్‌లో పులిహోర తిని బయల్దేరాం. ఒక్క రోజులో వెళ్ళి రావొచ్చు గానీ నాన్నకి నడుం పట్టేసింది, రాత్రికి అక్కడే హోటల్లో ఉండాల్సింది.

సెప్టెంబరులో లేక్ ఎరీ వెళ్ళాం, రెండున్నర గంటలు. పుట్-ఇన్-బే ఊరుండే దీవికి ఫెర్రీ ఇరవై నిమిషాలే, కానీ శనివారాల్లో తాగి గోల చేసేవాళ్ళు ఎక్కువని దాన్ని వదిలేసి మార్బుల్‌హెడ్ లైట్‌హౌస్ చూశాం. 1822 నాటిది. బెంచీల మీద కూర్చుని నీళ్ళు చూస్తుంటే లేవబుద్ధి కాదు. అక్కణ్ణుంచి దగ్గర్లోనే ఈస్ట్ హార్బర్‌లో ఇసుక బీచ్ ఉంది. అవతలి ఒడ్డు కనబడదు, అలలు వస్తాయి, అచ్చం మా ఒంగోలు దగ్గరి కొత్తపట్నం బీచ్‌లాగే. అమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగింది, వేలు ముంచి నాలుకకి రాసుకుని, "ఏమండీ, ఇటు రండి, ఉప్పే లేదు" అని నాన్నని పిలిచింది.