ప్రొపేన్ ఫైర్ పిట్ రివ్యూ: మట్టి రోడ్ల క్యాంపింగ్‌కి కొనొచ్చా?

ప్రొపేన్ ఫైర్ పిట్ అంటే కట్టెలు లేకుండా గ్యాస్‌తో మండే, వెంట తీసుకెళ్ళే మంట గిన్నె. ముందే చెప్పేస్తా, కొనొచ్చు. కాలిఫోర్నియాలో ఉంటూ జీపో ఫోర్‌రన్నరో వేసుకుని సెల్ సిగ్నల్ అందని చోటికెళ్ళి పడుకునే అలవాటున్న వాళ్ళయితే కట్టెల సంగతి మర్చిపోయి ఇదొకటి తెచ్చుకోండి. కానీ ఎలాంటిది కొనాలి, ఎక్కడ వెలిగించొచ్చు, ఎక్కడ దీన్ని కూడా డిక్కీలోంచి బయటికి తీయకూడదు అనేవి డబ్బాలో ఇచ్చే కాగితంలో ఉండవు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

నేను వాడేది పంతొమ్మిది అంగుళాల గుండ్రటి స్టీల్ గిన్నె. గంటకి 58 వేల బీటీయూ (వేడిని కొలిచే యూనిట్) అని రాసుంటుంది, దాంతోపాటు మూత, పదడుగుల గొట్టం, రెగ్యులేటర్, ఒక సంచీడు లావా రాళ్ళు వస్తాయి. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే దాదాపు ఇలాంటి గిన్నెనే చిన్న చిన్న తేడాలతో చాలా పేర్ల మీద అమ్ముతున్నారు, చూసుకోవాల్సినవి మాత్రం అన్నిటికీ ఒకటే.

మంట బావుంటుంది. పొగ ఉండదు, బట్టలు కంపు కొట్టవు, నిప్పురవ్వలు ఎగిరి టెంట్‌కి చిల్లులు పడవు. వేడి మాత్రం కట్టెల మంటంత రాదు, చుట్టూ దగ్గరగా కూర్చుంటే మోకాళ్ళకి సెగ తగులుతుంది, వీపు చలికి వణుకుతూనే ఉంటుంది. అయినా నేను దీనికి డబ్బు పెట్టింది ఆ నాబ్ కోసం. గాలి తిరిగిందా, పిల్లాడు దగ్గరికి పరిగెత్తాడా, నిద్రొచ్చిందా, నాబ్ తిప్పితే ఒక్క సెకనులో మంట ఆరిపోతుంది. కట్టెల మంటని అలా ఆర్పడం ఎవరి తరం కాదు.

గ్యాస్ లెక్క కొనేముందే వేసుకోండి. ఒక పౌండు ప్రొపేన్‌లో సుమారు 21,600 బీటీయూ ఉంటుంది. గ్రిల్‌కి వాడే మామూలు 20 పౌండ్ల ట్యాంకు అయితే ఫుల్ మంట మీద ఏడు గంటల పైన వస్తుంది, సగానికి తగ్గించి పెడితే రెండు మూడు రాత్రులు హాయిగా వెళ్ళిపోతుంది. స్టవ్‌కి వాడే ఆ చిన్న ఆకుపచ్చ ఒక పౌండు సిలిండర్ పెట్టి నడిపిద్దాం అనుకుంటారు కొందరు, ఫుల్ మంట మీద అది ఇరవై నిమిషాల్లో ఖాళీ, పైగా గ్యాస్ అంత వేగంగా లాగేసరికి సిలిండర్ చల్లబడిపోయి మంచు పట్టి ప్రెషర్ పడిపోతుంది. జాగా లేదనుకుంటే 11 పౌండ్ల ట్యాంకు మధ్యే మార్గం, దానికి నాలుగు గంటలు వస్తుంది. ఏ ట్యాంకయినా నిలబెట్టి బిగించి కట్టాలి, రాళ్ళ రోడ్డు మీద బండి ఊగే ఊపుకి వదులుగా ఉన్న ట్యాంకు పడి దొర్లితే వాల్వ్ దెబ్బతింటుంది, ఎండలో అద్దాలు మూసేసిన బండిలో వదిలేయడం అసలు వద్దు.

కొత్తగా కొన్నవాళ్ళందరూ ఒకటే కంప్లైంట్ రాస్తారు, మంట దీపమంత వస్తోంది, పీస్ డిఫెక్ట్ అని. చాలాసార్లు డిఫెక్ట్ కాదండీ. పిట్ నాబ్ తెరిచి ఉంచి ట్యాంకు వాల్వ్‌ని ఒక్కసారిగా గిర్రున తిప్పితే గొట్టం ఎక్కడో ఊడిపోయిందనుకుని రెగ్యులేటర్ కనెక్టర్‌లో ఉన్న సేఫ్టీ గ్యాస్‌ని బిగబట్టేస్తుంది. రెండూ కట్టేసి, గొట్టం విప్పి, ఒకట్రెండు నిమిషాలు ఆగి, మళ్ళీ బిగించి ట్యాంకు వాల్వ్‌ని నెమ్మదిగా తెరిచి ఆ తర్వాత పిట్ నాబ్ తిప్పండి, సరిగ్గా వస్తుంది. రాళ్ళు వానకో మంచుకో తడిస్తే మాత్రం బాగా ఆరాకే వెలిగించాలి, లోపల నీళ్ళు ఆవిరై రాయి పగిలి ముక్కలు ఎగురుతాయి. లావా రాళ్ళు తగ్గాయి కదా అని వాగులో గులకరాళ్ళు ఏరి వేసేవాళ్ళు ఉన్నారు, దయచేసి ఆ పని చేయొద్దు, అవి ఇంకా గట్టిగా పేలతాయి.

ఇంక రూల్స్. ఇది లేకుండా ఈ రివ్యూ రాసి ఉపయోగం లేదు.

కాలిఫోర్నియాలో డెవలప్ చేసిన క్యాంప్‌గ్రౌండ్ బయట ఫెడరల్ భూమిలో, అంటే నేషనల్ ఫారెస్టో బీఎల్ఎమ్ (ప్రభుత్వ భూములు చూసే ఫెడరల్ సంస్థ) భూమో, మంట వెలిగించాలంటే క్యాంప్‌ఫైర్ పర్మిట్ ఉండాలి. గ్యాస్ స్టవ్‌కి కూడా ఉండాలి, ఈ సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలీదు. ఫ్రీయే, ఆన్‌లైన్‌లో ఒక చిన్న వీడియో చూసి ప్రశ్నలకి జవాబులిస్తే వచ్చేస్తుంది, ఆ ఏడాదికే పనిచేస్తుంది కాబట్టి జనవరిలో మళ్ళీ తీసుకోవాలి. అందులో మనం ఒప్పుకునేవి ఏంటంటే మంట చుట్టూ కనీసం అయిదడుగులు ఎండు ఆకులూ గడ్డీ లేకుండా శుభ్రం చేస్తామని, పార దగ్గర ఉంచుకుంటామని, మంట ఉన్నంతసేపూ బాధ్యత గల మనిషి ఒకరు అక్కడే ఉంటారని, వెళ్ళేముందు నీళ్ళతో పూర్తిగా ఆర్పుతామని. ప్రొపేన్ కదా, మాకెందుకు ఇవన్నీ అనుకోవద్దు, గాలికి ఈ మంట కూడా పక్కకి పడుకుని గిన్నె అంచు దాటి వస్తుంది, కింద ఎండుగడ్డి ఉంటే అంటుకోడానికి అది చాలు.

సమ్మర్ ముదిరేకొద్దీ ఆంక్షలు వస్తాయి. కట్టెలు, బొగ్గులు వద్దన్నా షటాఫ్ వాల్వ్ ఉన్న గ్యాస్ స్టవ్‌కి పర్మిట్‌తో చాలా ఫారెస్టుల్లో మినహాయింపు ఇస్తారు. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి, కొన్ని ఆర్డర్లలో స్టవ్, లాంతరు అని మాత్రమే రాసుంటుంది, ఫైర్ పిట్ ఆ మాట కిందికి వస్తుందా రాదా అనేది ఆ ఫారెస్ట్ చేతిలో ఉంటుంది. బయల్దేరేముందు ఆ రేంజర్ స్టేషన్‌కి ఫోన్ చేసి ప్రొపేన్ ఫైర్ పిట్ అని పేరు పెట్టి అడగండి. అమ్మేవాళ్ళు పెట్టెమీద 'బ్యాన్ ఉన్నా వాడొచ్చు' అని పెద్ద అక్షరాల్లో వేస్తారు, దాన్ని నమ్ముకుని వెళ్ళొద్దు, పెట్టె చూపిస్తే రేంజర్ ఊరుకోడు. రెడ్ ఫ్లాగ్ వార్నింగ్ ఉన్న రోజైతే ఎవరినీ అడగక్కర్లేదు, వెలిగించకండి అంతే. గాలీ, పొడి వాతావరణం రెండూ కలిసిన రోజు అది, దక్షిణ కాలిఫోర్నియాలో వీచే శాంటా ఆనా పొడి గాలులు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

నేను ఎక్కువగా దీన్ని తీసుకెళ్ళేది ఆంజా బొరేగో ఎడారికి. స్టేట్ పార్క్, ఆరు లక్షల ఎకరాల పైనే, 500 మైళ్ళ మట్టి రోడ్లు, ఫిష్ క్రీక్ వాష్ వైపు వెళ్తే రెండు పక్కలా గోడల్లా నిలబడ్డ మట్టికొండల మధ్య బండి నడుపుకుంటూ పోవడమే. అక్కడ నేలమీద మంట పూర్తిగా నిషేధం. కట్టెలు కాల్చాలంటే ఇంటినుంచి తెచ్చుకున్న మెటల్ గిన్నెలోనే కాల్చాలి, బూడిద మొత్తం మూటగట్టి తిరిగి తీసుకుపోవాలి, కింద పడున్న ఎండుపుల్ల కూడా ఏరకూడదు. ఇంత కఠినంగా ఎందుకు అని మా గ్రూపులో ఒకాయన వాదించారు, ఇసకలో ఏం అంటుకుంటుంది అని. ఇసకలో అంటుకోదు, నిజమే, కానీ బూడిదా బొగ్గులూ అక్కడ కుళ్ళవు, ఏళ్ళ తరబడి నల్లమచ్చలా ఉండిపోతాయి. చాలామంది నిప్పుమీద ఇసక కప్పేసి ఆరిపోయిందనుకుని వెళ్ళిపోతారు, ఇసక వేడిని లోపలే పట్టి ఉంచుతుంది, గంటల తర్వాత కూడా ఎవరైనా పిల్లలు వట్టికాళ్ళతో దానిమీద అడుగేస్తే అరికాలు కాలిపోతుంది. ప్రొపేన్ పిట్‌తో ఆ గొడవే లేదు, మోసుకుపోవడానికి బూడిదే ఉండదు.

మనవాళ్ళకి మంట అంటే భోగి మంట ఎత్తులో ఉండాలి, పాత కుర్చీ, విరిగిన చెక్క, ప్యాలెట్లు అన్నీ బండిమీద వేసుకొచ్చేస్తారు. ప్యాలెట్ కాలిపోయాక మేకులు ఇసకలో ఉండిపోతాయి, తర్వాత వచ్చే బండి టైర్లో దిగుతాయి, అక్కడ టో ట్రక్ రావాలంటే పొద్దు గడిచిపోతుంది. కట్టెలు కూడా ఒకచోట కొని ఇంకోచోటికి మోసుకుపోవద్దంటారు, శాన్ డియాగో కౌంటీలో గోల్డ్‌స్పాటెడ్ ఓక్ బోరర్ అనే పురుగు ఓక్ చెట్లని నిలువునా చంపేస్తోంది, అది కొత్త చోట్లకి పాకేది ఇలా మోసుకుపోయే కట్టెల్లో కూర్చునే.

సియెర్రా నెవాడా కొండల వైపు ఒక ట్రెయిల్ పక్కన ఆగినప్పుడు చూసింది ఇక్కడ చెప్పాలి. పొద్దున్నే, ఎవరో రాత్రి ఉండి వెళ్ళిపోయిన చోటు, రాళ్ళు గుండ్రంగా పేర్చి ఉన్నాయి, మధ్యలో తెల్లటి బూడిద, చూస్తే పూర్తిగా ఆరిపోయినట్టే ఉంది. చేతి వెనకవైపు దగ్గరగా పెడితే సెగ తగిలింది. నీళ్ళు పోస్తే సుయ్యిమని ఆవిరి లేచింది, పారతో తిరగేస్తే పైకి నివురు, కింద ఎర్రటి నిప్పు, పక్కనే ఉన్న పైన్ చెట్టు వేరు ఒకటి లోపల్లోపల రాజుకుంటూ మంట గుంత దాటి బయటికి వెళ్తోంది. మళ్ళీ పోసి, కలిపి, మళ్ళీ పోసి, చెయ్యి పెట్టి చూసి, బండిలో ఉన్న నీళ్ళన్నీ అయిపోయేదాకా చేశాం. నీళ్ళు పోయండి, కలపండి, తాకి చూడండి అని ఫారెస్ట్ వాళ్ళు అన్నిచోట్లా బోర్డులు పెట్టేది ఇందుకే. 2013 ఆగస్టులో రిమ్ ఫైర్ అనే పెద్ద కార్చిచ్చు మొదలైంది స్టానిస్లాస్ ఫారెస్ట్‌లో ఒక వేటగాడు రూల్స్‌కి విరుద్ధంగా పెట్టుకున్న మంట అదుపు తప్పడం వల్లే, 2 లక్షల 57 వేల ఎకరాలు కాలింది, యోసెమిటీ నేషనల్ పార్క్ లోపలిదాకా వెళ్ళింది. మనకి శేషాచలం మంటలు గుర్తుండే ఉంటాయి, 2014 మార్చిలో తిరుమల కొండల మీద హెలికాప్టర్లతో నీళ్ళు పోయాల్సి వచ్చింది, అంత దగ్గరగా మనుషులూ రోడ్లూ ఉన్న చోటే అలా ఉంటే, ఫైరింజన్ చేరడానికి గంటలు పట్టే ట్రెయిల్ చివర ఏం చేస్తాం చెప్పండి.

ఫైర్ పిట్ కొన్నాం కదా, సేఫ్ అయిపోయాం అనుకునేవాళ్ళకి ఇంకో మాట, బండి కూడా నిప్పే. సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ ఎండుగడ్డిని అంటించేంత వేడెక్కుతుంది, మోకాలెత్తు గడ్డిలోకి దించి బండి పార్క్ చేయొద్దు. బండి అడుగున దెబ్బలు తగలకుండా ఉండే స్కిడ్ ప్లేట్ల పైన గడ్డి ఇరుక్కుని పేరుకుంటుంది, ఆగినప్పుడల్లా కిందికి వంగి చూసి లాగేయండి. 2018లో కాలిఫోర్నియాలోని రెడింగ్ ఊరి దగ్గర వచ్చిన 'కార్' (Carr) అనే కార్చిచ్చుకి కారణం ఒక ట్రైలర్ టైరు పేలి రిమ్ము రోడ్డుకి రాసుకుని రవ్వలు లేవడం, 2 లక్షల 29 వేల ఎకరాలు పోయింది. అందుకే బండిలో ఏబీసీ రకం ఎక్స్‌టింగ్విషర్ చేతికందేచోట కట్టి ఉంచుతాం, సామాన్ల కింద కాదు. దాంతోపాటు పొడుగు పిడి పార, మంట కోసమే విడిగా అయిదు గ్యాలన్ల నీళ్ళు.

వస్తువులో నచ్చనివి కూడా చెప్తా. మూత క్లిప్పులు బలహీనం, గతుకుల రోడ్డుమీద ఊడిపోయి రాళ్ళు డిక్కీ అంతా దొర్లుతాయి, నేను ఒక రాచెట్ పట్టీ వేసి బిగిస్తున్నా. కాళ్ళు పొట్టిగా ఉన్నాయి, గిన్నె అడుగు నేలకి మరీ దగ్గర, కొనేటప్పుడు ఎత్తు కాళ్ళున్న మోడల్ దొరికితే అదే తీసుకోండి. గొట్టం పదడుగులకి తగ్గకూడదు, ట్యాంకు మంటకి ఎంత దూరం ఉంటే అంత మంచిది. టెంట్‌లోకి, బండికి కట్టే గుడ్డ పందిరిని మూసేసి చేసిన ఆనింగ్ గదిలోకి దీన్ని ఎంత చలేసినా తీసుకెళ్ళొద్దు, మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు, దానికి వాసన ఉండదు. గుంటలో కూడా పెట్టొద్దు, ప్రొపేన్ గాలికంటే బరువు, లీకైతే పల్లంలో పేరుకుంటుంది.

అయిదుకి నాలుగు ఇస్తున్నా, ఒకటి తగ్గించింది ఆ క్లిప్పులకీ కాళ్ళకీ. పెద్ద గుంపుగా వెళ్ళేవాళ్ళకి ఒకటి చాలదు, ఎనిమిది మంది దాటితే రెండు కావాలి. డబ్బా రాగానే ఇంటిదగ్గరే బయట పెట్టి, సబ్బునీళ్ళు గొట్టం జాయింట్ల దగ్గర పూసి బుడగలొస్తున్నాయేమో చూసి, ఒకసారి వెలిగించి చూసుకోండి, బుడగ కనబడితే రిటర్న్ విండో అయిపోకముందే వెనక్కి పంపేయండి.