ఎనిమిదేళ్లుగా టెంకాయ తోటలో ట్రైకోడెర్మా: నా అనుభవం

ఉమ్మడి అనంతపురం జిల్లా మడకశిర ప్రాంతంలో, ఎర్రనేలలో మా టెంకాయ తోట ఉంది. ఎనిమిదేళ్ల కిందట రెండు చెట్ల మొదళ్ల నుంచి ఎర్రని జిగురు కారి, కింది మట్టలు ఒకదాని వెంట ఒకటి వాలిపోయి, చివరకు చెట్లే చనిపోయినప్పుడు అది గానోడెర్మా అనే శిలీంధ్రం (బూజు జాతి) వల్ల వచ్చే తెగులని తెలిసింది. మిగిలినవాటిని కాపాడుకోవడానికే, తెగులు శిలీంధ్రాలను అణిచే మేలైన శిలీంధ్రం ట్రైకోడెర్మా విరిడి వాడటం మొదలుపెట్టాను.

మొదటి ఏడాది ఏ మార్పూ లేదు. మండుటెండల్లో, తడిలేని పాదుల్లో పొడిని ఊరికే చల్లాను. ప్రాణమున్న శిలీంధ్రానికి తేమ, తిండి రెండూ కావాలని ఆ తరువాతే అర్థమైంది.

ఇప్పుడు 90 కిలోల చివికిన పశువుల ఎరువుకు 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, చింతచెట్టు నీడలో నీళ్లు చిలకరించి, తడి గోనెపట్టాలు కప్పుతున్నాను. వారం పది రోజుల్లో పచ్చని బూజు అల్లుకుంటుంది. దాని నుంచి సన్నగా కొబ్బరి వాసన వస్తుంది, అది ఈ శిలీంధ్రానికి సహజంగా ఉన్న వాసనే. జూన్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి దీన్ని మొదలు చుట్టూ అయిదారు అడుగుల లోపల, పీల్చే వేళ్లు ఎక్కువగా ఉండే చోట వేసి, మట్టి కప్పి, అదే రోజు నీరు పెట్టి, ఎండుమట్టలు పరుస్తాను. ఆ పాదులో రాగి కలిసిన తెగులు మందులు పోయను, ఎందుకంటే అవి ఈ శిలీంధ్రాన్నీ దెబ్బతీయవచ్చు. పొటాష్ మాత్రం మానలేదు. టెంకాయకు అది తప్పనిసరి.

నత్రజనిని అందించే అజోస్పైరిల్లం, భాస్వరాన్ని అందించే ఫాస్ఫోబాక్టీరియా అనే జీవన ఎరువులు కూడా వేశాను గానీ, వాటివల్ల ఎంత మేలు జరిగిందో విడదీసి చెప్పలేను.

రెండో ఏటికల్లా పాదుల్లో మట్టి పెళుసుబారడం తగ్గి, నీరు నిలవకుండా ఇంకింది, వానపాములు కనిపించాయి. కాయల సంఖ్యలో తేడా నాలుగో ఏటగానీ తెలియలేదు. చెట్టు లోపల పూమొగ్గ రూపుకట్టిన నాటినుంచి కాయ ముదిరే వరకు సుమారు 44 నెలలు పడుతుంది కనుక, ఏడాదిలో దిగుబడి పెరుగుతుందని చెప్పి అమ్మే మాటను నేను నమ్మను. పొట్లంపై తయారీ తేదీ చూడకుండా, ఎండ తగిలే అరలో పెట్టిన సరుకు కొనను.

అప్పటికే సగం మట్టలు వాలిన మూడో చెట్టుకు కూడా ఇదే చికిత్స చేశాను; అది నిలవలేదు. దాని మొదలును వేళ్లతో సహా పెకలించి కాల్చి, పక్క చెట్లకు తెగులు పాకకుండా చుట్టూ రెండడుగుల లోతు కందకం తవ్వించాను. ఆ కందకం అవతలి చెట్లు ఇప్పటికీ కాస్తున్నాయి.