రూఫస్ మేలా, వెంటాయ్ మేలా?

విండోస్ అయినా లినక్స్ అయినా కొత్తగా వేసుకోవాలంటే ముందు బూటబుల్ పెన్‌డ్రైవ్, అంటే కంప్యూటర్ దాని నుంచే మొదలయ్యేలా తయారుచేసిన పెన్‌డ్రైవ్ కావాలి. ఐఎస్ఓ ఫైల్‌ను (ఇన్‌స్టాల్ చేయాల్సిన సరంజామా అంతా ఒకే ఫైల్‌గా ఉండేది) పెన్‌డ్రైవ్‌లోకి ఊరికే కాపీ చేస్తే బూట్ కాదు, దానికో టూల్ ఉండాలి. నేను నాలుగు వాడి చూశాను: డీడీ, ఎచర్, రూఫస్, వెంటాయ్. అన్నీ ఉచితమే.

రెండింటి సంగతి ముందే తేల్చేస్తాను. లినక్స్‌లో ఉండే డీడీ కమాండ్ ఏ డ్రైవ్ పేరు చెబితే దాని మీద రాసుకుంటూ పోతుంది, మారు మాట్లాడదు. పెన్‌డ్రైవ్ పేరు ఎస్‌డీసీ అని కొట్టాల్సిన చోట ఎస్‌డీబీ అని కొట్టి, పక్కనే తగిలించి ఉన్న నా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ మీద ఉబుంటు (ఒక రకం లినక్స్) రాసేశాను. ఫొటోలన్నీ పోయాయి. ఎచర్ అలా కాదు, కంప్యూటర్ సొంత డిస్క్‌ను జాబితాలో చూపకుండా దాస్తుంది, రాయడం అయ్యాక సరిగ్గా రాసిందో లేదో సరిచూస్తుంది కూడా. లినక్స్‌కి హాయిగా ఉంటుంది కానీ విండోస్ ఐఎస్ఓకి అక్కరకు రాదు.

ఇక అసలు పోటీ.

రూఫస్ విండోస్‌లోనే నడుస్తుంది, విండోస్ వేయడానికైతే దాన్ని మించింది లేదు. ఎందుకంటే, డ్రైవ్‌లో ఫైళ్లు అమర్చే ఫ్యాట్32 ఫార్మాట్‌లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. విండోస్ ఐఎస్ఓలో ఇన్‌స్టాల్ ఫైల్ చాలాసార్లు ఆ హద్దు దాటుతుంది. రూఫస్ పెన్‌డ్రైవ్‌ను ఆ హద్దు లేని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేసి, యూఈఎఫ్ఐ (కంప్యూటర్ ఆన్ చేయగానే ముందుగా నడిచే సాఫ్ట్‌వేర్) దాన్ని చదవగలిగేలా ఒక బుల్లి పార్టిషన్‌ను (డ్రైవ్‌లో విడి భాగం) పక్కన పెడుతుంది. విండోస్ 11 అయితే స్టార్ట్ నొక్కగానే చిన్న కిటికీ తెరుచుకుని టీపీఎం (భద్రత కోసం ఉండే చిప్), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే ఏర్పాటు), 4 జీబీ ర్యామ్ షరతులు తీసేయమంటారా అని అడుగుతుంది. పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు ఆ ఒక్క టిక్కు చాలు. తికమక పెట్టేది పార్టిషన్ స్కీమ్ (డ్రైవ్‌ను భాగాలు చేసే పద్ధతి) ఒక్కటే: యూఈఎఫ్ఐ మెషీన్‌కి జీపీటీ, దాని ముందుతరమైన పాత బయాస్‌కి ఎంబీఆర్. ఇది తప్పుగా ఎంచుకుంటే పెన్‌డ్రైవ్ బూట్ కాకపోవచ్చు, పాడైపోయిందేమో అని టెన్షన్ పడతాం.

రూఫస్‌తో చిరాకు ఏమిటంటే, ఐఎస్ఓ మారిన ప్రతిసారీ పెన్‌డ్రైవ్ మొత్తం తుడిచి మళ్లీ మొదలుపెట్టాలి.

వెంటాయ్ సరిగ్గా అక్కడే గెలుస్తుంది. మొదటిసారి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం డ్రైవ్ ఖాళీ అవుతుంది. ఆ తర్వాత ఐఎస్ఓలను మామూలు ఫైళ్లలా అందులో పడేయడమే. బూట్ చేస్తే మెనూలో వరుసగా కనిపిస్తాయి, ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు. అది వాడేది ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ కాబట్టి 4 జీబీ గొడవ లేదు, మిగిలిన జాగాలో మన ఫైళ్లూ దాచుకోవచ్చు. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ తయారు చేసుకోవచ్చు.

చిక్కల్లా సెక్యూర్ బూట్ దగ్గరే. అది ఆన్‌లో ఉంటే కొత్త మెషీన్‌లో మొదటిసారి నీలం తెర వచ్చి, వెంటాయ్‌ను నమ్మడానికి దాని కీ నమోదు చేయమంటుంది. తెలియనివాళ్లు అక్కడే భయపడి ఆపేస్తారు. అప్పుడప్పుడూ ఏదో ఒక ఐఎస్ఓ మొండికేస్తుంది కూడా.

ఒక్కసారి విండోస్ వేసుకుని మర్చిపోయేవాళ్లు నేరుగా రూఫస్‌కి వెళ్లండి. నెలకో లినక్స్ ప్రయత్నించేవాళ్లకూ, నలుగురి కంప్యూటర్లు బాగుచేసేవాళ్లకూ వెంటాయే. నా 64 జీబీ డ్రైవ్‌లో వెంటాయ్ ఉంది. మొండికేసే ఐఎస్ఓల కోసం ఒక పాత 8 జీబీ డ్రైవ్‌ను రూఫస్‌కి వదిలేశాను.