ఒకే దరఖాస్తు, రెండు సేవలు: న్యూజెర్సీ సివిల్ యూనియన్, వివాహ లైసెన్సులపై సమీక్ష

న్యూజెర్సీలో స్థానిక రిజిస్ట్రార్ ఇచ్చే దరఖాస్తు ఫారంలో వివాహం, సివిల్ యూనియన్ (పెళ్లి అన్న పేరు లేకుండా జంటకు దంపతుల హక్కులిచ్చే చట్టబద్ధ ఏర్పాటు) రెండూ పక్కపక్కనే ఉంటాయి. దేనికైనా రుసుము 28 డాలర్లే, లైసెన్సు చేతికి రావడానికి 72 గంటలు ఆగాల్సిందే, పద్దెనిమిదేళ్లు నిండిన సాక్షి ఒకరు ఉండాల్సిందే. స్నేహితుల జంటకు సాక్షిగా సంతకం పెట్టడానికి వెళ్లినప్పుడు ఆ ఫారం చూశాను. అన్నీ ఒకటే అయినప్పుడు స్వలింగ జంటలు పట్టుబట్టి వివాహానికే ఎందుకు టిక్కు పెడతారన్న సందేహం చాలామందికి ఉంటుంది కనుక రెండింటినీ పోల్చి రాస్తున్నాను.

సివిల్ యూనియన్‌ను నాసిరకం సేవగా ఎవరూ రూపొందించలేదు. స్వలింగ జంటలకు సమాన హక్కులు ఇవ్వాల్సిందేనని, అవి ఏ పేరుతో ఇవ్వాలో శాసనసభ తేల్చుకోవచ్చునని 2006 అక్టోబరులో లూయిస్ వర్సెస్ హారిస్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పును అనుసరించి వచ్చిన చట్టం 2007 ఫిబ్రవరి 19న అమల్లోకి వచ్చి, వారసత్వం మొదలుకొని వైద్య నిర్ణయాల వరకు రాష్ట్రం ఇవ్వగలిగిన హక్కులన్నీ ఇచ్చింది. చిక్కల్లా ఆ పత్రాన్ని పుచ్చుకోవాల్సిన చోట్ల వచ్చింది. మన ఊళ్లలో పది రూపాయల నాణెం చెల్లుతుందని రిజర్వు బ్యాంకు ఎన్నిసార్లు చెప్పినా కొట్టువాడు వెనక్కి నెట్టేసినట్టే, ఇక్కడా హక్కు ఉన్నదని ప్రతి కౌంటరు దగ్గరా నిరూపించుకోవాల్సి వచ్చింది.

ఈ సంగతి ప్రభుత్వమే నమోదు చేసింది. చట్టం అమలును పరిశీలించడానికి ఏర్పాటైన కమిషన్ 2008 డిసెంబరులో ఇచ్చిన తుది నివేదికలో, వేరే వర్గంగా విడదీయడమే అసమాన వ్యవహారానికి దారి తీస్తోందని ఏకగ్రీవంగా తేల్చింది. ఉద్యోగుల వైద్య ఖర్చును సొంత నిధులతో భరించే కంపెనీల పథకాలు రాష్ట్ర చట్టం కిందికి కాక సమాఖ్య చట్టం కిందికి వస్తాయి కాబట్టి, కొన్ని కంపెనీలు సివిల్ యూనియన్ భాగస్వామికి బీమా నిరాకరించాయి. ఇదే వెసులుబాటు మసాచుసెట్స్‌లోని కంపెనీలకూ ఉన్నా, 2004 నుంచి స్వలింగ వివాహం ఉన్న ఆ రాష్ట్రంలో దాన్ని వాడుకున్నవి తక్కువ. నివేదికలో నాకు అన్నిటికన్నా బలంగా తోచిన అంశం ఇదే. ఆసుపత్రిలో మనిషి ప్రమాదంలో ఉండగా సివిల్ యూనియన్ అంటే ఏమిటో సిబ్బందికి వివరించాల్సి వచ్చిన వారి వాంగ్మూలాలూ కమిషన్ ముందుకు వచ్చాయి.

2013 జూన్ 26న ఎడిత్ విండ్సర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఈ తేడా మరింత పెరిగింది. భార్య మరణించాక 3,63,053 డాలర్ల సమాఖ్య ఎస్టేట్ పన్ను కట్టాల్సి వచ్చిన ఆమె గెలవడంతో, పెళ్లైన స్వలింగ జంటలకు సమాఖ్య ప్రయోజనాలు తెరుచుకున్నాయి. సివిల్ యూనియన్ జంటలను మాత్రం పన్నుల శాఖ దంపతులుగా లెక్కించలేదు. దాంతో రాష్ట్రం మాట ఇచ్చిన సమానత్వం అసాధ్యమైందని జడ్జి మేరీ జేకబ్‌సన్ తీర్పునివ్వగా, 2013 అక్టోబరు 21 నుంచి న్యూజెర్సీలో వివాహాలు మొదలయ్యాయి. హెచ్-1బి మీద పనిచేస్తున్న మనవాళ్లు ముఖ్యంగా గమనించాల్సింది ఏమిటంటే, భాగస్వామికి ఆశ్రితులకిచ్చే హెచ్-4 వీసా గానీ, దంపతుల హోదాలో గ్రీన్ కార్డు గానీ కావాలంటే వివాహ ధ్రువపత్రమే చూస్తారు.

సివిల్ యూనియన్‌కు ఐదులో రెండు, వివాహ లైసెన్సుకు నాలుగున్నర ఇస్తాను. పాత సివిల్ యూనియన్ దానంతట అది వివాహంగా మారకపోవడం, అదే జంట మళ్లీ లైసెన్సు తీసుకోవాల్సి రావడం అనవసరపు తిప్పలు.

ఆ తగ్గించిన అర మార్కుకు కారణం రిజిస్ట్రార్ కాదు, మన దేశం. హైదరాబాద్‌కు చెందిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ తదితరులు వేసిన పిటిషన్లపై 2023 అక్టోబరు 17న భారత సుప్రీంకోర్టు వివాహ హక్కును నిరాకరించింది. సివిల్ యూనియన్‌ను కూడా 3-2 మెజారిటీతో తోసిపుచ్చింది. ఉమ్మడి బ్యాంకు ఖాతాకు, నామినీగా పేరు పెట్టుకోవడానికి అడ్డు లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది గానీ, వారసత్వం సంగతి అలాగే ఉంది. కాబట్టి ఆంధ్రలోనో తెలంగాణలోనో పొలమో ఇల్లో ఉన్నవారు ఈ ధ్రువపత్రం మీద భరోసా పెట్టుకోకుండా అక్కడ వీలునామా విడిగా రాసి రిజిస్టర్ చేయించుకోవడం మంచిది.