ఒకే దారి, రెండు బళ్లు: ప్లగ్గు దొరికిన చోటే బస

కొండ మీది విడిదికి రెండు కుటుంబాలం రెండు కార్లలో వెళ్లాం. మాది ఎలక్ట్రిక్, బావది పెట్రోలు. బయల్దేరక ముందు నుంచీ ఒకటే వాదన: ఎవరి ప్రయాణం చవక, ఎవరిది సుఖం?

ముందు లెక్క చెప్తాను. మా బండి 100 కిలోమీటర్లకు 15 యూనిట్ల దాకా తింటుంది, బావ బండి 6 లీటర్లు తాగుతుంది. అంటే లీటరు పెట్రోలు చేసే పని రెండున్నర యూనిట్ల కరెంటు చేసేస్తుంది. నిజానికి లీటరు పెట్రోల్లో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది, కానీ ఇంజను అందులో ఎక్కువ భాగాన్ని వేడిగా వదిలేస్తుంది. కాబట్టి మీ దగ్గర లీటరు ధరను రెండున్నరతో భాగించండి. యూనిట్ అంతకన్నా చవగ్గా దొరికితే కరెంటు బండి గెలిచినట్టు. ఛార్జింగ్‌లో ఎంతో కొంత వృథా పోతుంది కాబట్టి కాస్త అటూఇటూ వేసుకోండి. ఇంట్లో రాత్రిపూట పెట్టుకునే ఛార్జింగ్ ఈ పరీక్ష చాలాచోట్ల సులువుగా పాసవుతుంది. హైవే ఫాస్ట్ ఛార్జర్ల రేటు మాత్రం ఇంటి రేటుకు రెట్టింపు, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువే. అక్కడ నింపుకుంటే మిగులు మంచులా కరిగిపోతుంది.

హైవే మీద మా బండికి ఇంకో శత్రువు స్పీడు. గాలి అడ్డు వేగానికి వర్గంలో పెరుగుతుంది. 80లో పోయేవాడు 110 అందుకుంటే ఆ అడ్డు దాదాపు రెట్టింపు. పెట్రోలు బండికీ ఇదే సూత్రం, కాకపోతే దారిపొడుగునా బంకులున్నవాడికి అది పట్టదు. నేను 90 దాటకపోతే బావ ఫోన్ చేసి, "ఏరా, బండి నడుపుతున్నావా, బ్యాటరీని జోకొడుతున్నావా?" అన్నాడు.

ఫాస్ట్ ఛార్జర్ దగ్గర బండికి తగిలించే గన్‌లు రెండున్నాయి. ఒకదాని మీద 'పనిచేయదు' అని కాగితం అంటించారు. రెండోది తగిలించి ఉన్న కారు 97 శాతంలో ఉంది, దాని యజమాని పక్క హోటల్లో తాపీగా భోంచేస్తున్నాడు. ఆయన్ని బతిమాలి తప్పించాక ఆ కంపెనీ యాప్ దింపుకోవాలి, సిగ్నల్ లేని చోట ఓటీపీ రావాలి, వాలెట్లో ముందే డబ్బు వేయాలి. వాడగా మిగిలింది అందులోనే ఇరుక్కుపోతుంది. బంకులో ఈ గొడవ ఒక్కటీ లేదు; బావ ట్యాంకు నింపి, అద్దం కూడా తుడిపించుకుని వెళ్లిపోయాడు. మాకేమో మొదట్లో తెర మీద 48 కిలోవాట్లు చూపించింది, 80 శాతం దాటగానే 20కి పడింది. బ్యాటరీలోని సెల్స్ నిండే కొద్దీ, అవి దెబ్బతినకుండా బండే కరెంటు తగ్గించుకుంటుంది. అందుకే 80 రాగానే గన్ పీకేసి బయల్దేరడం తెలివైన పని. మిగతా 20 కోసం కూర్చుంటే సగం మధ్యాహ్నం అక్కడే.

బసల సంగతి. దారిలో దిగిన చిన్న లాడ్జిలో 'ఈవీ ఛార్జింగ్ ఉంది' అని బోర్డు. తీరా చూస్తే జనరేటర్ గది వెనక గోడకు ఒక 16 ఆంపియర్ల ప్లగ్గు, అంతే. బావ పడీపడీ నవ్వాడు. కానీ మూడు కిలోవాట్ల చొప్పున పది గంటలు ఎక్కితే 30 యూనిట్లు, అంటే దాదాపు 200 కిలోమీటర్లు! వాళ్ల మనిషి గంట తర్వాత తనంతట తనే వచ్చి, ప్లగ్గు వేడెక్కిందేమోనని చెయ్యి పెట్టి చూసి వెళ్లాడు. గది మామూలుదే, దుప్పట్లు పలచన. అయినా నా మార్కులు దానికే.

కొండ మీది రిసార్టులో సరైన 7 కిలోవాట్ల ఛార్జరే ఉంది, కానీ దాని ముందున్న జాగాలో ఎవరిదో డీజిల్ బండి నిలబెట్టారు. రిసెప్షన్‌లో అడిగితే "తీయిస్తాం సార్" అంటూనే రాత్రి భోజనాల దాకా లాగారు. తిరుగు దారిలో చూసిన హోంస్టే ఆవిడైతే, వైరింగ్ పాతది, ఛార్జింగ్ వద్దని సూటిగా చెప్పేసింది. అదే మేలు, ముందే తెలిస్తే ఇంకోచోట చూసుకుంటాం. గది బుక్ చేసేటప్పుడు ఛార్జింగ్ ఉందా అని మాత్రమే అడగకండి. ఎన్ని కిలోవాట్లు, ఆ జాగా మాకు అట్టిపెడతారా, బిల్లు విడిగా వేస్తారా, ఇవి అడగండి.

ఘాట్ రోడ్డు మీద మాత్రం మాట మార్చాల్సింది బావే. మనుషులతో కలిపి రెండు టన్నుల బండి 1,000 మీటర్లు ఎక్కాలంటే ఆ ఎత్తుకే అయిదున్నర యూనిట్లు పోతాయి. ఎక్కుతుంటే శాతం గబగబా జారి నా భార్యకు టెన్షన్ పట్టుకుంది. దిగేటప్పుడు అందులో కొంత వెనక్కొచ్చింది. మోటారే జనరేటరై బండిని ఆపుతుంది, బ్రేకు మీద కాలు పెట్టే పనే తక్కువ. దీనికోసమే పైన రిసార్టులో 85 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపేశాను. బ్యాటరీ నిండుగా ఉంటే వెనక్కొచ్చే కరెంటు పట్టే చోటుండదు. బావ రెండో గేరులో దిగినా, కిందికొచ్చేసరికి బ్రేకులు మాడిన వాసన.

"సరేరా, మరి కొనేటప్పుడు ఎక్కువ పెట్టావు కదా, అదెప్పుడు తీరుతుంది?" అని చివరికి అసలు ప్రశ్న వేశాడు. ఇంజన్ ఆయిల్, స్పార్క్ ప్లగ్గుల ఖర్చు నాకు లేదు. బ్యాటరీకి చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. కానీ బండి బరువెక్కువ, టైర్లు త్వరగా అరుగుతాయి. నేను రోజూ ఆఫీసుకు తిరుగుతాను, ఇంటి ముందు ప్లగ్గుంది. బావ కారు వారంలో సగం రోజులు కదలదు, రాత్రుళ్లు వీధిలోనే ఉంటుంది. ఛార్జింగ్ అంతా బయటి రేటుకే చేయించాలి. అలాంటప్పుడు ఎలక్ట్రిక్ కొనమని నేనెలా చెప్తాను? పెట్రోలు ఇంజను, కరెంటు మోటారు రెండూ ఉండే హైబ్రిడ్ ఒకసారి నడిపి చూడు బావా అన్నాను.